పూతరేకులకో సొంత చిరునామా

చి॥ మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. “ఇన్‌స్టాలో ఇంతమంది చూస్తున్నారు, వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి, మళ్లీ వెబ్‌సైట్ అంటూ డబ్బులు పొయ్యడం దేనికి మామయ్యా?” అని అడిగావు. ఫోన్లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. పెట్టించు తల్లీ. ఈ సంక్రాంతి గిరాకీ మొదలయ్యేలోపే పెట్టించు.

ఎందుకో చెబుతాను. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. దాని మీద ఆధారపడి చీరలూ పచ్చళ్లూ అమ్ముకుంటున్నవాళ్లకి తెల్లారేసరికి తమ కొనుగోలుదారులు ఎక్కడున్నారో తెలియకుండా పోయింది. వాళ్ల తప్పేమీ లేదు. ఆ మరుసటి ఏడు అక్టోబరు 4న వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ మూడూ ఒక్కసారే ఆగిపోయి ఆరు గంటలు లేవలేదు. మనకది రాత్రివేళ గానీ, అమెరికాలో పట్టపగలు. నీ దగ్గర పూతరేకులు నాలుగు డబ్బాలు ఎక్కువ కొనేది అమెరికాలో ఉన్న మన పిల్లలే కదా. ఇలా ఒకరి యాప్‌నే నమ్ముకోవడం పోరంబోకు స్థలంలో పాక వేసి వ్యాపారం చెయ్యడం లాంటిది. గిరాకీ ఎంతున్నా స్థలం మనది కాదు. అలాగని ఇన్‌స్టా మానెయ్యమని నేననను. కొత్త మొహాలు కనబడేది అక్కడే. కనబడినవాళ్లని నీ సైటుకి తీసుకురా, అంతే.

మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను. మీ అత్తగారు బోర్లించిన కుండ ముందు కూర్చుని, పిండిలో ముంచిన గుడ్డని అలా పరిచి ఇలా లాగేస్తుంటే రేకు లేస్తోంది. పక్కన నువ్వు నెయ్యి రాసి, పంచదార చల్లి మడతలు పెడుతున్నావు. అంతలో ఫోను. చెయ్యి తుడుచుకుని తీస్తే, “బెల్లంవి ఉన్నాయా? ఎన్నాళ్లు నిలవుంటాయి? పార్శిల్లో విరుగుతాయా? హైదరాబాదుకి ఎన్ని రోజులు పడుతుంది?” నువ్వు ఓపిగ్గా చెప్పావు. పెట్టేశాక మళ్లీ ఫోను, మళ్లీ అవే ప్రశ్నలు. ఆ జవాబులన్నీ ఒక్కసారి రాసి సైట్లో పెడితే, నువ్వు నిద్రపోతున్నా డాలస్‌లో ఉన్నవాళ్లు చదువుకుని డబ్బు కట్టేస్తారు. పొద్దున్నే లేచి డబ్బాలు కట్టడమే నీ పని.

ఇంకొకటి. దీపావళికి ఉద్యోగులకి ఇవ్వడానికి రెండొందల డబ్బాలు కావాలని ఏ కంపెనీవాళ్లో అడుగుతారనుకో. అడిగే అమ్మాయికి నీ రుచి నచ్చినా, బిల్లు మీద సంతకం పెట్టే పైవాడు వేరే ఉంటాడు. వాడికి చూపించడానికి ఆ అమ్మాయికి ఏదో ఒకటి కావాలి. వ్యాపారం పేరు, అడ్రసు, జీఎస్టీ ఉంటే ఆ నంబరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లిచ్చిన 14 అంకెల నంబరు, ఒక్కో డబ్బా బరువు, ధర. ఇవన్నీ ఒకచోట కనబడితే ఆ ఆర్డరు నీకొస్తుంది. లేకపోతే, మనంత బాగా చెయ్యకపోయినా కాగితాలు సరిగ్గా ఉన్నవాడికి పోతుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

మన పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ సంగతి సైట్లో తప్పకుండా చెప్పు. కానీ జీఐ ముద్ర వేసుకునే ముందు అధీకృత వినియోగదారుగా నీ పేరు నమోదు చేయించుకో. ఊళ్లో ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. నమోదయ్యాక ఆ ధ్రువపత్రం ఫొటో పెట్టు. కుండ, గుడ్డ, మంట, మీ అత్తగారి చేతులు, వీటి ఫొటోలు కూడా పెట్టు. ఎక్కడో యంత్రం మీద చేసి మన ఊరి పేరు అంటించేవాళ్లకి ఆ చేతులు ఎక్కడినుంచి వస్తాయి?

ఇప్పుడు అసలు జాగ్రత్త చెబుతాను. డొమైన్, అంటే సైటు పేరు, నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో, నీ కార్డుతో నువ్వే కొను. కడియం వైపు నర్సరీ ఉన్న ఒకాయన ఆ పని సైటు చేసే కుర్రాడికి వదిలేశాడు. కుర్రాడు తన పేరు మీద కొన్నాడు. రెండేళ్లకి ఊరు వదిలి వెళ్లిపోయాడు, ఫోను ఎత్తడు. గడువు తీరింది, కట్టేవాడు లేడు. పేరు ఇంకెవరో కొనేసుకున్నారు. లారీల మీదా, విజిటింగ్ కార్డుల మీదా, బోర్డుల మీదా రాయించిన అడ్రసు అంతా వృథా. డాట్ ఇన్ పేరుకి ఏడాదికి అయ్యేది వందల్లోనే. ఆ కాస్త దానికి ఎవరి మీదా ఆధారపడకు. సైటు ఎవరితోనైనా చేయించు, తాళంచెవి లాంటి పాస్‌వర్డు మాత్రం నీ దగ్గరే ఉంచుకో.

రెండోది, తెలుగు. ఇన్నేళ్లు డీటీపీ సెంటర్ నడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీ కరపత్రం ‘అను’ ఫాంట్లలో కొట్టించారు. ఆ ఫైలే సైటువాడికి ఇస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలైపోతాయి. కరపత్రాన్ని ఫొటో తీసి పెట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఎవరైనా గూగుల్లో తెలుగులో వెతికితే దొరకడం కష్టం. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించు. ఆ పని నాకు పంపు, నేను చేసిపెడతాను. ఇంగ్లీషులో మన పూతరేకులని ఒక్కొక్కళ్లు ఒక్కోలా రాస్తారు, ఆ స్పెల్లింగులన్నీ సైట్లో ఎక్కడో ఒకచోట తగలనివ్వు. ఫొటోలు మరీ బరువుగా పెట్టకు. బస్సులో కూర్చుని ఫోన్లో చూసేవాడికి పేజీ వెంటనే తెరుచుకోవాలి, లేకపోతే వెనక్కి వెళ్లిపోతాడు.

డబ్బు కట్టించుకునే గేట్‌వే వాళ్లు ఎంతోకొంత శాతం తీసుకుంటారు. దాన్నీ, పెద్ద అమ్మకపు సైట్లు పట్టుకునే కమీషన్నీ పక్కపక్కన రాసి చూసుకో. ఇంకో సంగతి, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు అని ఒకరి పేరూ నంబరూ సైట్లో పెట్టాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలివి. నువ్వెలాగూ విరిగిన డబ్బాకి బదులు పంపుతూనే ఉన్నావు, ఆ మాటే రాసిపెట్టు.

మీ డ్వాక్రా సంఘం గురించి కూడా ఆలోచించు. సరస్ మేళాలో స్టాలు పెట్టినప్పుడు కొన్నవాళ్లు మళ్లీ కొనాలంటే మీరెక్కడ దొరుకుతారు? మీరిచ్చిన చీటీ ఎప్పుడో పారేసి ఉంటారు. మీ సైట్లోనే సంఘానికి ఒక పేజీ ఇవ్వు. ఎవరేం చేస్తారో, ఎవరిది ఏ నంబరో పెట్టు. ముందు వాళ్లని అడిగి, ఒప్పుకున్నవాళ్లవే పెట్టు. అప్పడాలు చేసే ఆవిడకి వేరే సైటు పెట్టుకునే స్తోమత లేదు, నీ పక్కన ఆవిడకీ చోటుండాలి.

మొదట నాలుగు పేజీలు చాలు: ఏం చేస్తారు, ఎలా చేస్తారు, ధరలు, ఎలా తెప్పించుకోవాలి. రాసే పని మీరిద్దరే చెయ్యండి. మీ అత్తగారు చెబుతుంటే నువ్వు రాయి, ఆవిడ మాటలు దిద్దకు.

ఈ వారంలో సైటు పేరు కొని రసీదు నాకు పంపు. ఎవరి పేరు మీద ఉందో, గడువు ఎప్పటిదాకానో చూసి చెబుతాను. అత్తగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఆశీస్సులతో,
మామయ్య