ఒక కేబుల్, మూడు వీల్యాన్లు

మూడో సంవత్సరం వేసవి సెలవుల్లో విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశాను. రెండంతస్తుల బిల్డింగు. కింద 24 పోర్టుల స్విచ్ ఒకటి, పైన అలాంటిదే ఇంకొకటి. రూటర్ కింద ఉంది. నెట్‌వర్క్ చూసే అన్న మొదటి రోజే ఒక తెల్లకాగితం చేతికిచ్చి, "అకౌంట్స్‌కి వీల్యాన్ 10, మిగతా స్టాఫ్‌కి వీల్యాన్ 20. రెండూ రెండు ఫ్లోర్లలోనూ ఉండాలి. స్విచ్‌లు ఎలా కలుపుతావో గీయి తమ్ముడూ" అన్నాడు.

నేను ధీమాగా రెండు గీతలు గీశాను. ఒక్కో వీల్యాన్‌కి ఒక్కో కేబుల్ అన్నమాట.

అన్న కాగితం చూసి, "రేపు ఇంకో మూడు వీల్యాన్లు వస్తే స్లాబుకి ఇంకో మూడు కన్నాలు కొడతావా?" అన్నాడు. కన్నాల సంగతి అలా ఉంచితే, నా బొమ్మలో ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు పెడితే లూప్ అవుతుందని స్పానింగ్ ట్రీ అనుకుంటుంది. అన్ని వీల్యాన్లకీ కలిపి ఒకే స్పానింగ్ ట్రీ నడిపే స్విచ్ అయితే, ఆ రెండు కేబుళ్లలో ఒకదాన్ని బ్లాక్ చేసేస్తుంది. అప్పుడు ఒక వీల్యాన్‌కి పై ఫ్లోర్‌తో సంబంధమే ఉండదు. కేబుల్ బాగానే ఉంటుంది, లైటూ వెలుగుతుంది, పని మాత్రం జరగదు.

దీనికి సరైన జవాబు ట్రంక్. మన హాస్టల్ లాండ్రీని గుర్తు తెచ్చుకోండి. లాండ్రీ అన్న అందరి బట్టలూ ఒకే మూటలో కట్టుకుని వెళ్తాడు. కట్టే ముందు ఒక్కోదానికి రూమ్ నంబర్ రాసిన చీటీ గుచ్చుతాడు. తిరిగొచ్చాక చీటీ చూసి, తీసేసి, బట్టలు ఎవరివి వాళ్లకి ఇస్తాడు. మనం చీటీతో చొక్కా వేసుకోం కదా!

స్విచ్‌లు చేసేదీ ఇదే. కంప్యూటర్ తగిలించిన పోర్టుని యాక్సెస్ పోర్ట్ అంటారు. అది ఒకే వీల్యాన్‌కి చెందుతుంది. స్విచ్‌ని స్విచ్‌తో కలిపే పోర్టు ట్రంక్ పోర్ట్. ఫ్రేమ్ ట్రంక్ మీదికి వెళ్లేటప్పుడు స్విచ్ దానికి 4 బైట్ల ట్యాగ్ పెడుతుంది. అవతలి స్విచ్ ఆ ట్యాగ్ చదివి, తీసేసి, సరైన యాక్సెస్ పోర్టుకి పంపుతుంది. మామూలు కంప్యూటర్‌కి ఈ ట్యాగ్ సంగతే తెలియదు. ఈ పద్ధతికి ప్రమాణం ఐఈఈఈ 802.1క్యూ, మొదట 1998లో వచ్చింది. ట్యాగ్‌లో వీల్యాన్ నంబర్‌కి 12 బిట్లు ఉంటాయి. అంటే 4096 నంబర్లు. వాటిలో 0, 4095 వాడకూడదు కాబట్టి మనకి మిగిలేవి 4094. ఈ లెక్క వైవాలో అడుగుతారు, గుర్తుంచుకోండి.

మరి చీటీ లేని బట్ట వస్తే? దానికే నేటివ్ వీల్యాన్. ట్రంక్ మీద ట్యాగ్ లేకుండా వచ్చిన ఫ్రేమ్‌ని ఈ వీల్యాన్‌లో వేస్తారు. సిస్కో స్విచ్‌లలో మామూలుగా ఇది 1. ఇటు పక్క 10 అనీ, అటు పక్క 20 అనీ పెడితే ఒకరి బట్టలు ఇంకొకరి రూముకి చేరతాయి. అందుకే రెండు పక్కలా ఒకటే నంబర్ ఉండాలి. ఎవరూ వాడని నంబర్, ఉదాహరణకి 99, పెట్టడం ఇంకా మంచిది.

ఇక అసలు కథకి వద్దాం. మొదటి రెండు వీల్యాన్లూ చక్కగా నడిచాయి. కొన్నాళ్లకి గెస్ట్ వైఫై కోసం వీల్యాన్ 30 కావాలన్నారు. నేను పై ఫ్లోర్‌లో కూర్చుని, వీల్యాన్ 20లో ఉన్న నా లాప్‌టాప్ నుంచి కింది స్విచ్‌లోకి లాగిన్ అయ్యాను. ట్రంక్ పోర్టులోకి వెళ్లి "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30" అని కొట్టి ఎంటర్ నొక్కాను.

స్క్రీన్ అక్కడే ఆగిపోయింది. అర నిమిషంలో పక్క గదిలోంచి అకౌంట్స్ మేడమ్ కేక వేశారు. "బాబూ, జీతాలు అప్‌లోడ్ చేస్తున్నా, మధ్యలో నెట్ పోయింది!"

ఆ రోజు నెలాఖరు.

ఏం జరిగిందంటే, ఆ కమాండ్ పాత లిస్టుకి 30ని కలపదు. పాత లిస్టు తీసేసి 30ని ఒక్కదాన్నే ఉంచుతుంది. కలపాలంటే నంబర్‌కి ముందు "యాడ్" అనే మాట ఉండాలి. ఆ ఒక్క మాట లేకపోవడంతో 10, 20 రెండూ ట్రంక్ మీద ఆగిపోయాయి. నా లాగిన్ కూడా అదే ట్రంక్ మీద నడుస్తోంది కాబట్టి, తప్పు దిద్దే దారి కూడా నేనే మూసేసుకున్నాను. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదే!

కన్సోల్ కేబుల్ పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాను. "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 10,20" కొట్టగానే అన్నీ తిరిగొచ్చాయి. మేడమ్ మాత్రం ఫైల్ మొదటి నుంచి మళ్లీ అప్‌లోడ్ చేయాల్సొచ్చింది. ఆవిడకి సారీ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేదనిపించింది.

సాయంత్రం అన్న ఒక చిట్కా చెప్పాడు. దూరం నుంచి స్విచ్ మార్చేటప్పుడు ముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టాలట. పని సరిగ్గా జరిగితే "రీలోడ్ క్యాన్సిల్" కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేయాలి. మనమే బయటపడిపోతే పది నిమిషాల్లో స్విచ్ తనంతట తానే రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. పై ఫ్లోర్‌లో వైఫై ఇంకా రాలేదు. "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్" కొడితే మూడు లిస్టులు కనిపిస్తాయి: ట్రంక్ మీద అనుమతి ఉన్నవి, వాటిలో ఈ స్విచ్‌లో నిజంగా ఉన్నవి, వాటిలో స్పానింగ్ ట్రీ వదులుతున్నవి. పై స్విచ్‌లో 30 మొదటి లిస్టులో ఉంది, రెండో దాంట్లో లేదు. అంటే అక్కడ వీల్యాన్ 30ని నేను క్రియేట్ చేయనేలేదు! ఏ లిస్టులో నంబర్ మాయమైందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. వీల్యాన్లు వేరైతే వాటి మధ్య మాటలు రూటర్ ద్వారానే జరగాలి. మా ఆఫీసులో రూటర్‌కి కూడా ఒకే ట్రంక్ కేబుల్. రూటర్ లోపల ఒక్కో వీల్యాన్‌కి ఒక్కో సబ్ ఇంటర్‌ఫేస్: 192.168.10.1, 192.168.20.1, 192.168.30.1. ఇవి పెట్టగానే రూటర్ అందరినీ కలిపేస్తుంది. గెస్ట్ వైఫైలో ఉన్నవాడు అకౌంట్స్ కంప్యూటర్ దాకా రాగలడు. వద్దంటే యాక్సెస్ లిస్ట్ రాసి మనమే ఆపాలి. "వీల్యాన్ పెట్టాం, ఇక సేఫ్" అనుకోవడం, గదులు కట్టి తలుపులు పెట్టడం మర్చిపోవడం లాంటిది.

ఇదంతా ప్యాకెట్ ట్రేసర్‌లో గంటలో చేసి చూడొచ్చు. రెండు స్విచ్‌లు, ఒక రూటర్, నాలుగు కంప్యూటర్లు చాలు. "యాడ్" లేకుండా ఒకసారి కావాలనే కొట్టి, పింగ్ ఎలా ఆగిపోతుందో చూడండి. అక్కడైతే ఎవరి జీతమూ ఆగదు.