అర్ధరాత్రి పంజరంలో అలజడి

ప్రశ్న: పక్కింటివాళ్లు ఊరు మారుతూ నాలుగు కాకటీల్స్‌ని మాకు అప్పగించారు. పగలంతా హాయిగా ఈలలేస్తాయి. అర్ధరాత్రి మాత్రం ఉన్నట్టుండి నాలుగూ రెక్కలు కొట్టుకుంటూ పంజరమంతా పొర్లుతున్నాయి. మొన్న ఒకదాని రెక్క నుంచి రక్తం కూడా కారింది. దయ్యాన్ని చూసి జడుసుకుంటున్నాయంటారు మా అత్తగారు. ఏం చెయ్యాలి డాక్టర్ గారూ?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అత్తగారి దయ్యం గోడమీది బల్లి అయినా కావచ్చు, వీధిలో పోయే కారు లైటైనా కావచ్చు. కాకటీల్స్ ఆస్ట్రేలియా మైదానాల్లో గుంపులుగా తిరిగే పిట్టలు. ఒకటి బెదిరి లేస్తే, ఎందుకని అడక్కుండా మిగతావీ లేస్తాయి. చీకట్లో ఊచలు కనిపించవు కదా, వెళ్లి వాటికే కొట్టుకుంటాయి. రాత్రిళ్లు ఆ గదిలో జీరో బల్బు వెలగనివ్వండి. పంజరానికి దుప్పటి కప్పే అలవాటుంటే ఒక వైపు తెరిచి ఉంచండి. కిటికీ దగ్గర్నుంచి జరపండి, కానీ వంటింట్లోకి వద్దు. మాడిన నాన్‌స్టిక్ పెనం ఆవిరి నిమిషాల్లో పిట్టల ప్రాణం తీస్తుంది. అలజడి మొదలైతే లైటు వేసి, మెల్లగా మాట్లాడండి. చెయ్యి లోపల పెట్టకండి.

కొత్తగా మొలిచే ఈకల కాడలో రక్తం ఉంటుంది. అది విరిగితే కారుతుంది. కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. కొద్ది నిమిషాల్లో ఆగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ప్రశ్న: మా ఆడ కాకటీల్ వరసగా గుడ్లు పెడుతోంది. పిల్లలు వద్దని ఎప్పటికప్పుడు తీసి పారేస్తున్నాం. అయినా ఆపడం లేదు.
- గుంటూరు పాఠకుడు

జవాబు: తీసేస్తున్నారు కాబట్టే పెడుతోంది! గుడ్డును వెంటనే ఉడకబెట్టి, చల్లారాక అక్కడే పెట్టేయండి. మూడు వారాలు పొదిగి, తనే విసిగి వదిలేస్తుంది. గూడులా వాడుకునే కుండ, అద్దం తీసేయండి. సాయంత్రం త్వరగా దీపాలార్పి, రోజుకి పన్నెండు గంటలకు తగ్గకుండా మసక చీకట్లో ఉంచండి. గుడ్డుపెంకు కాల్షియమంతా దాని ఒంట్లోంచే పోతుంది. అందుకని కటిల్‌బోన్ వేలాడదీయండి. ఉత్త గింజలతో సరిపెట్టకుండా మునగాకు, క్యారట్ తురుము అలవాటు చెయ్యండి. పంజరం అడుగున ముడుచుకుని కూర్చుని ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందన్నమాట. అప్పుడు ఆముదం, నూనె వైద్యాలు పెట్టుకోకండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా కాకటీల్స్‌కి తోడుగా రామచిలుకను ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
- వరంగల్ పాఠకురాలు

జవాబు: వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పెంచడం నేరం. మరో కాకటీల్‌ని తెచ్చుకున్నా నెలపాటు వేరే గదిలో ఉంచి, రెట్ట పరీక్ష చేయించాకే మిగతావాటితో కలపండి.