పొలం కాగితాల్లో పునీతులు: అనుభవం నేర్పిన ఆరు పాఠాలు

పడమట రోమన్ సామ్రాజ్యం కూలిన తర్వాతి కాలంలో లాటిన్‌లో రాసుకున్న ఆస్తి పత్రాలు చదవడంతోనే నా ఉద్యోగమంతా గడిచింది. పునీతుల మీది భక్తి గురించి పరిశోధన చేస్తామని వచ్చే పిల్లలు ముందుగా మహిమల కథలు తీస్తారు. నేను వాళ్ల చేతిలో క్రయపత్రం పెడతాను. కథ రాసేవాడికి మనల్ని నమ్మించాలన్న తాపత్రయం ఉంటుంది. దస్తావేజు రాసేవాడికి రేపు తగాదా రాకుంటే చాలు. అందుకే అందులో యథాలాపంగా వచ్చిన పునీతుడి పేరుకు విలువ ఎక్కువ. ఆ విలువ ఎంతో తేల్చుకోవడానికే ఈ పాఠాలు.

1. పేరు కనబడగానే భక్తి అని రాసేయకండి.
551లో ఇటలీలోని రవెన్నాలో గోతు జాతివాళ్ల చర్చి మతగురువులు కొంత చిత్తడి నేల అమ్మారు. ధర 180 బంగారు సాలిడస్‌లు. అందులో 120 అప్పు కింద ముందే తీసుకున్నారు, మిగిలింది 60. నలుగురు గోతిక్ భాషలోనే సంతకాలు చేశారు. ఆ చర్చి పునీత అనస్తాసియా పేరున ఉంది. ఏరియన్ అనే వేరు క్రైస్తవ శాఖకు చెందిన గోతులు కూడా ఆమె పేరు పెట్టుకున్నారని దీంతో తేలుతుంది. ఎందరు మొక్కారో, ఏం కోరి మొక్కారో మాత్రం తేలదు.

2. పేరు లేదు కాబట్టి భక్తి లేదని కూడా అనకండి.
రవెన్నాలో పునీత వితాలిస్ చర్చి ప్రతిష్ఠ 547లో, ఆ పక్కనే క్లాసేలో పునీత అపొల్లినారిస్ చర్చి ప్రతిష్ఠ 549లో జరిగాయి. 553లో రనిలో అనే సంపన్నురాలు భూములు, వెండి దానం చేస్తూ గ్రహీతగా రాయించింది మాత్రం రవెన్నా చర్చినే. ఎవరి మీద ఎంత గురి ఉన్నా పత్రంలో ముందు చూసేది హక్కు ఎవరికి చెందుతుందన్నదే.

3. చట్టం ఎందుకు పుట్టిందో అడగండి.
కొందరు వీలునామాలో ఏ గుడి పేరూ చెప్పకుండా క్రీస్తునో, హతసాక్షినో వారసుడిగా రాసి కన్నుమూసేవారు. ఆస్తి ఎవరికి చెందాలి? జస్టీనియన్ చక్రవర్తి 530లో దీనికి చట్టం చేశాడు. క్రీస్తు పేరు రాస్తే ఆ ఊరి చర్చికి, హతసాక్షి పేరు రాస్తే అతని మందిరానికి అన్నాడు. జనం అలా రాయకపోతే ఈ చట్టంతో పనే లేదు. వాళ్ల లెక్కలో పునీతుడు ఆస్తి పుచ్చుకోగల మనిషి.

4. దీపం ఖర్చు ఎక్కడిదో చూడండి.
పోప్ గ్రెగరీ 604లో ఆక్వే సాల్వియే అనే ఎస్టేటును రోములోని పునీత పౌలు చర్చికి రాసిచ్చాడు, దీపాల ఖర్చు కోసం. పౌలు తల నరికింది ఆ నేల మీదేనని నమ్మకం. ఆయన ప్రాణమిచ్చిన నేల ఆయన దీపానికే ఉపయోగపడకపోతే ఎలా అన్నది గ్రెగరీ వాదన. ఈ దానం గురించి ఆ భూముల అజమాయిషీ చూసే అధికారికి గ్రెగరీ రాసిన ఉత్తరాన్ని పాలరాతి మీద చెక్కించారు. ఆ రాయి నేటికీ ఉంది. ద్రాక్షారామం శాసనాల్లో అఖండదీపానికి గొర్రెలిచ్చినవాళ్లను చదివిన తెలుగువాడికి దీన్ని విప్పి చెప్పక్కర్లేదు.

5. ఏ వస్తువు ఎవరికి వెళ్లిందో వరసగా రాసుకోండి.
600 ప్రాంతంలో పారిస్‌లో ఎర్మినెత్రూద్ అనే ఆమె వీలునామా రాయించింది. తన పేరు చెక్కిన బంగారు ఉంగరం పునీత గెర్వాసియుస్ చర్చికి ఇచ్చింది. తాను ఎక్కి తిరిగే బండిని ఎద్దులతో, పరుపులతో సహా పునీత సింఫోరియన్ చర్చికి ఇచ్చింది. కారణం కూడా అక్కడే ఉంది: ఆమె కొడుకును పాతిపెట్టింది ఆ చర్చిలోనే. గెర్వాసియుస్ మిలాన్ హతసాక్షి, సింఫోరియన్ ఓతన్ హతసాక్షి. పారిస్ దాకా వచ్చిన పొరుగూరి పునీతుల్లో తనవాడెవరో ఆ తల్లికి చెప్పింది కొడుకు సమాధే. ఏ పునీతుడు గొప్ప అనే ముందు, ఎవరి మనిషి ఎక్కడ పడుకున్నాడో వెతకండి.

6. పత్రాన్ని వెనక్కి తిప్పి చూడండి.
ఫ్రాంకుల రాజుల పత్రాల్లో మనకు దక్కిన అసలు ప్రతుల్లో అతి పాతది 625 నాటిది. రాజు రెండో క్లోతార్ పునీత డెనిస్ మఠానికి అందిన దానాన్ని అందులో ధ్రువీకరించాడు. ఆ మఠం సన్యాసులే 11వ శతాబ్దంలో పాత పపైరస్‌ల వెనకవైపు నకిలీ పత్రాలు రాశారు! అలాగని నకిలీని అవతల పారేయకండి. అది రాసిన నాటికి డెనిస్ పేరు చెబితే ఎన్ని హక్కులు నిలబడేవో అది చెబుతుంది. దాని సాక్ష్యాన్ని 11వ శతాబ్దం ఖాతాలో వేసుకోండి, ఏడో శతాబ్దానికి జమకట్టకండి.