‘సిన్స్’ తర్వాత ఏం రావాలి?

హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల మాక్ ఇంటర్వ్యూలు చేసేటప్పుడు నా చెవిన తరచూ పడే వాక్యం ఒకటుంది: ‘ఐ యామ్ ప్రిపేరింగ్ సిన్స్ టూ ఇయర్స్.’ పొద్దున్నే మౌలాలిలో బస్సెక్కి, లాలాపేట మీదుగా తార్నాకలో దిగి, రాత్రి దాకా లైబ్రరీలో కూర్చునే పిల్లలు కూడా ఇదే అంటారు. వాళ్లు కష్టపడక కాదు. ఆ వాక్యం తెలుగులో పుట్టింది, అంతే.

‘రెండేళ్ల నుంచి ప్రిపేరవుతున్నా’ అంటాం. ‘2022 నుంచి ప్రిపేరవుతున్నా’ అనీ అంటాం. మొదటిది ఎంతకాలమైందో చెబుతోంది, రెండోది ఎప్పుడు మొదలైందో చెబుతోంది. మనకు రెంటికీ ‘నుంచి’ ఒక్కటే చాలు. ఈ ఊరి ఉర్దూలోనూ అంతే: ‘దో సాల్ సే’ అన్నా ‘సుబహ్ సే’ అన్నా అదే ‘సే’. కాబట్టి హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఇంట్లో ఏ భాష నడిచినా ఈ తప్పు నోటికి వచ్చేస్తుంది. ఇంగ్లిష్ మాత్రం వీటిని విడదీసింది. మొదలైన సమయం చెప్పాలంటే ‘సిన్స్’, గడిచిన కాలం చెప్పాలంటే ‘ఫర్’.

ఉదాహరణలకు దూరం పోనక్కర్లేదు. ‘ద ఆర్ట్స్ కాలేజ్ బిల్డింగ్ హాజ్ స్టుడ్ హియర్ సిన్స్ 1939.’ పక్కనే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది, 1972లో సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ‘ఇఫ్లూ హాజ్ బీన్ ఎ సెంట్రల్ యూనివర్సిటీ సిన్స్ 2007’ అనొచ్చు, ‘ఫర్ మోర్ దాన్ ఫిఫ్టీన్ ఇయర్స్’ అనీ అనొచ్చు. ఏడాది పేరు చెబితే సిన్స్, ఏళ్లు లెక్కపెడితే ఫర్.

ఇక్కడితో సగమే సరవుతుంది. ‘ఐ యామ్ ప్రిపేరింగ్’లో ఉన్న రెండో తప్పును చాలామంది పట్టించుకోరు. తెలుగులో ‘ప్రిపేరవుతున్నా’ వర్తమానం కదా అని ప్రెజెంట్ కంటిన్యువస్ వాడేస్తారు. కానీ అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లిష్‌లో పర్ఫెక్ట్ కావాలి: ‘ఐ హావ్ బీన్ ప్రిపేరింగ్.’ ‘నో’ లాంటి క్రియలకు ‘ఇంగ్’ తగిలించకూడదు. ‘ఐ హావ్ నోన్ హిమ్ సిన్స్ స్కూల్’ అంటే చాలు. సిన్స్ తర్వాత ఒక ఘటన వస్తే అది సాధారణంగా పాస్ట్‌లో ఉంటుంది: ‘సిన్స్ ఐ లెఫ్ట్ కాలేజ్’.

పోటీ పరీక్షల సంగతి. మౌలాలిలో రైల్వే కొలువుల వాతావరణం ఎక్కువ. రైల్వే ఎన్టీపీసీ రాతపరీక్షలో ఇంగ్లిష్ సెక్షన్ ఉండదు కాబట్టి దానికి చదివేవాళ్లు గ్రామర్‌ను పక్కన పెడతారు. వాళ్లే ఎస్సెస్సీ సీజీఎల్ రాయబోతే టైర్-1లో 25 ప్రశ్నలు, 50 మార్కులు ఇంగ్లిష్‌కే. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. తప్పు గుర్తించమనే ప్రశ్నల్లో ‘సిన్స్ ద లాస్ట్ ఫైవ్ ఇయర్స్’ లాంటివి ఎదురవుతాయి. ‘లాస్ట్’ చూసి మోసపోవద్దు. ‘సిన్స్ లాస్ట్ ఇయర్’ ఒప్పు, ఎందుకంటే పోయినేడాది ఒక మొదలు. ‘ఫర్ ద లాస్ట్ ఫైవ్ ఇయర్స్’ ఒప్పు, ఎందుకంటే అయిదేళ్లు ఒక నిడివి. ‘సిన్స్ లాంగ్’ అనకండి, ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’ అనండి. ‘ఇట్ ఈజ్ టూ ఇయర్స్ సిన్స్ ఐ లెఫ్ట్ కాలేజ్’ చూడగానే తప్పని గీత గీసేస్తారు. అది ఒప్పే: రెండేళ్లు సిన్స్‌కు ముందున్నాయి, తర్వాత ఉన్నది కాలేజీ వదిలిన ఘటన.

మార్కుల కన్నా నాకు ఎక్కువ బెంగ రెజ్యూమె గురించి. ‘అకౌంటెంట్, సిన్స్ 2021’ అని రాస్తే ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నారని అర్థం. 2023లోనే మానేసి ఉంటే, ఆ కంపెనీకి ఫోన్ చేసి వివరాలు సరిచూసేవాళ్లకు మీరు అబద్ధం రాసినట్టు కనిపిస్తుంది. ముగిసిన ఉద్యోగానికి ‘ఫ్రమ్ 2021 టు 2023’ రాయండి. ఆ తర్వాతి ఖాళీని దాచనక్కర్లేదు: ‘సిన్స్ 2023, ఐ హావ్ బీన్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్-2’ అని రాస్తే నిజమూ నిలుస్తుంది, వ్యాకరణమూ నిలుస్తుంది.

సిన్స్‌కు ‘కాబట్టి’ అనే అర్థమూ ఉంది. ‘సిన్స్ ఐ నో ట్యాలీ, సో ఐ కెన్ హ్యాండిల్ బిల్లింగ్’ అనేది కవర్ లెటర్లలో కనిపించే వాక్యం. కారణం సిన్స్ చెప్పేశాక ‘సో’ అక్కర్లేదు, తీసేయండి. ఇంకో చిక్కు: ‘సిన్స్ ఐ జాయిన్డ్, సేల్స్ హావ్ గ్రోన్.’ మీరు చేరినప్పటి నుంచి పెరిగాయా, మీరు చేరబట్టే పెరిగాయా? వినేవాళ్లు ఎలాగైనా తీసుకోవచ్చు. కారణమే చెప్పదలిస్తే ‘బికాజ్’ వాడి, మీరు ఏం చేశారో ఆ పని చెప్పండి.

సాధన చేయాలంటే పుస్తకాల్లోని వాక్యాలు వద్దు. మీ డిగ్రీ ఎప్పుడైంది, తార్నాక హాస్టల్‌కు ఎప్పుడొచ్చారు, ఈ ఫోన్ ఎప్పుడు కొన్నారు, ఒక్కోదాన్ని సిన్స్‌తో ఒకసారి, ఫర్‌తో ఒకసారి పైకి అనండి. ‘ఎంతకాలంగా ప్రిపేరవుతున్నారు?’ అని బోర్డు అడిగిన రోజున రెండూ ఒకే జవాబులో ఒదుగుతాయి: ‘ఐ హావ్ బీన్ ప్రిపేరింగ్ ఫర్ టూ ఇయర్స్, సర్, ఎవర్ సిన్స్ ఐ ఫినిష్డ్ మై డిగ్రీ.’