రైతునకు పట్టు దిగులు, దాని గుర్తులు

ఎద్దు మేత ముట్టకున్నచో మనము రెండవ దినముననే గుర్తింతుము. నెమరు వేయుచున్నదా, చెవులు వ్రేలవేసినదా యని చూచి పశువుల డాక్టరునకు కబురంపుదుము. ఇంటి యజమాని నెల దినములుగా ముద్ద మ్రింగలేక, నడిరేయి లేచి వాకిట కూర్చుండుచున్నను "అప్పులున్న మనిషి, ఆలోచన యుండదా?" యని యూరకుందుము.

మన భువనగిరి చుట్టుప్రక్కల మూసీ కాలువల క్రింది గ్రామములకు నీటి యాధారము కలదు. అది నగరపు మురుగుతో వచ్చు నీరగుటచే దాని బాధలు దానికున్నవి. మెట్టన పెక్కు చెలకలు వానను, బోరును నమ్ముకొన్నవి. బోరు వేయుట మన నేలలలో జూదము వంటిదే. ఒకటి పడనిచో రెండవది. దాని ఖర్చునకు అప్పు, అప్పునకు మిత్తి. నీరు పడని నాటి రాత్రి నిద్ర పట్టకుండుట రోగము కాదు. కాని రెండు వారములు దాటినను, దినములో నెక్కువ భాగము మనస్సు క్రుంగియుండి, ఏ పనియందును ఇచ్ఛ లేక, నిద్రయు ఆకలియు చెడి, "నా వలన నింటికి నష్టమే" యను తలంపు విడువకున్నచో, అది డిప్రెషన్ అను వ్యాధి కావచ్చును. ధైర్యము లేనివారికే యది వచ్చుననుట పొరపాటు.

మనవారు మనసు బాగులేదని చెప్పరు. ఒళ్ళు నొప్పులు, గుండె దడ, కాళ్ళు లాగుచున్నవి అందురు. ఈ బాధలు దిగులు వలనను కలుగును. రక్తహీనత, మధుమేహము, థైరాయిడు లోపము వలనను కలుగును. ఫ్లోరైడు నీరు ఏండ్ల తరబడి త్రాగిన నల్లగొండ ప్రాంతపు వారికి ఎముకల నొప్పులు వేరే యున్నవి. కావున ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుకొనవలెను. బలము సూది వేయించుకొని తిరిగివచ్చుట పరీక్ష కాదు.

దిగులునకు ఒక చెడ్డ గుణము కలదు. సాయము దొరకు చోటికే అది మనుష్యుని పోనీయదు. బాకీపడిన సభ్యుడు సంఘపు వీధిన నడువడు. కార్యదర్శి యెదురైనచో సందు మారును. నోటీసు వచ్చినచో విప్పక చూరున దోపును. అప్పటికి గుండె తేలికపడును. రాత్రికి భయము రెట్టింపగును.

ఒక రైతునకు సంఘమున 60,000 రూపాయలు, షావుకారు వద్ద నూటికి నెలకు రెండు రూపాయల మిత్తిన 40,000 రూపాయలు బాకీ కలదనుకొందము. షావుకారు మిత్తి నెలకు 800, ఏడాదికి 9,600. చీకటిలో తలపోయువానికి రెండు బాకీలును కలిసి యొక కొండయై తోచును. కాగితముపై వ్రాసినచో ఏది ముందు తీర్చవలసినదో, దేనికి వాయిదా అడుగదగునో తెలియును. పంట పోయినట్లు ప్రభుత్వము ప్రకటించిన యెడల స్వల్పకాలిక ఋణమును మధ్యకాలిక ఋణముగా మార్చు పద్ధతి సహకార సంఘములందు చిరకాలముగ కలదు. రానివానికి దానిని ఎవ్వరు చెప్పుదురు? ఒంటరిగా రాలేనివారు బావమరిదినో, పొరుగు సభ్యునినో వెంటబెట్టుకొని రావలెను. పాలకవర్గము వారికిని ఒక మాట: మూడు నెలలుగా ముఖము చూపని సభ్యుని యింటికి, వసూలు మాట యెత్తక, ఒకమారు పోయి కూర్చుండుడు.

నిద్రకై కల్లు త్రాగువారున్నారు. కల్తీ కల్లున కలుపునది ఆల్ప్రజోలము, డయజిపాము వంటి మత్తుమందు. 2015లో దానిపై దాడులు జరిగి సరుకు దొరకనప్పుడు మహబూబునగరము, నిజామాబాదు జిల్లాలలో అనేకులు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. కావున అలవాటుపడినవారు దానిని ఒక్కనాట మానరాదు; వైద్యుని సలహాతో మెల్లగా మానవలెను.

మానసిక వైద్యమనగానే మనకు ఎర్రగడ్డ మాట తిట్టువలె వినవచ్చును. జాల్నా నుండి 1953లో హైదరాబాదునకు వచ్చిన ఆ యాసుపత్రి ఎందరినో బాగుచేసినది. ఆ పేరును తిట్టుగా వాడుట మన తప్పు. దగ్గరలో బీబీనగరు ఎయిమ్స్ నందును మానసిక వైద్య విభాగము కలదు. డిప్రెషన్ మందులు పని చూపుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. పది దినములకే గుణము లేదని మానుటయు, గుణము కనబడగానే మానుటయు రెండును చేటు.

చావు తలంపు వచ్చుచున్నదా యని అడిగినచో లేని తలంపు పుట్టునని కొందరి భయము. అట్లు పుట్టదు, అడుగబడినవాడు చెప్పుకొని కొంత తేరుకొనును. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. 14416 నంబరునకు ఫోను చేసినచో రేయింబవళ్ళు తెలుగున మాటలాడుదురు; ఈ టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది, రుసుము లేదు. ప్రయత్నము చేసి బ్రతికినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా నెంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. పోలీసు కేసునకు జడిసి ఆసుపత్రికి ఆలస్యము చేయరాదు.

శ్రీలంక ప్రభుత్వము మిక్కిలి విషము గల పురుగుమందులను 1995 మొదలు విడతలుగా నిషేధింపగా, ఇరువది ఏండ్లలో ఆ దేశమున ఆత్మహత్యలు సుమారు 70 శాతము తగ్గినవి. ఆ తలంపు తీవ్రముగ నుండు గడియ కొద్దిసేపే. అప్పుడు మందు చేతికందనిచో పెక్కుమంది బ్రతుకుదురు. పత్తి మందులు కొను సభ్యులు ఆ విడతకు సరిపడునంతయే కొనవలెను. మిగిలిన డబ్బాను ఇంటి చూరున గాక తాళము గల పెట్టెలో నుంచి, ఆ తాళపుచెవిని ఇంటిలో దిగులు లేనివారి వద్ద నుంచుడు.