ఈల వినిపించకపోతే?

రాత్రిపూట కాపలావాడు ఈల వేస్తూ వీధిలో తిరగడం మీరు వినే ఉంటారు. ఈల వినిపిస్తే అతడు మేలుకొని ఉన్నట్లు. చాలాసేపు వినిపించకపోతే? నిద్రపోయాడో, వెళ్ళిపోయాడో ఇంట్లో పడుకున్నవారికి తెలియదు. కంప్యూటర్ల మధ్య కూడా ఇటువంటి ఈల ఒకటి ఉంది.

పొలంలోని ఒక పరికరం నేలలో తడిని కొలిచి ఇంట్లోని కంప్యూటరుకు పంపాలనుకొందాం. ఆ రెండింటి మధ్య తపాలా ఆఫీసు వంటి ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. దీనిని మెసేజ్ బ్రోకర్ అంటారు. బ్రోకరుతో మాట్లాడే ప్రోగ్రామును క్లయింట్ అంటారు. ఈ మాటలకు కొన్ని నియమాలున్నాయి. వాటిలో ఎమ్‌క్యూటీటీ అనేదానిని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ రూపొందించారు. చమురు గొట్టాలపై ఉపగ్రహం ద్వారా నిఘా ఉంచడానికి అది పుట్టింది.

క్లయింట్ కలిసేటప్పుడే "కీప్ అలైవ్" అనే కాలాన్ని చెబుతుంది. అది 60 సెకన్లు అనుకోండి. ఆ 60 సెకన్లలో క్లయింట్ ఏదో ఒకటి పంపాలి. పంపవలసిన కబురు లేకపోతే 2 బైట్ల చిన్న సంకేతమైనా పంపాలి. అదే ఈల! బ్రోకర్ ఆ కాలానికి ఒకటిన్నర రెట్లు, అనగా 90 సెకన్లు చూస్తుంది. అప్పటికీ ఏమీ రాకపోతే సంబంధం తెంచివేస్తుంది. ఎందుకంటే, కరెంటు పోయిన పరికరం "వెళ్ళొస్తాను" అని చెప్పి పోదు కదా!

ఇప్పుడు మన చిక్కు చూడండి. ప్రోగ్రాములో తప్పు వెదకడానికి డీబగ్గర్ సహాయంతో ఒక వరుస దగ్గర దానిని ఆపుతాము. అంకెలు పరిశీలిస్తూ రెండు నిమిషాలు గడుపుతాము. ప్రోగ్రామంతా ఆగినప్పుడు ఈల వేసే భాగం కూడా ఆగిపోతుంది. తిరిగి నడిపేసరికి సంబంధం తెగి ఉంటుంది. మనమేమో లేని తప్పు కోసం ప్రోగ్రామంతా గాలిస్తాము!

దీనికి మూడు ఉపాయాలున్నాయి. మొదటిది, తప్పు వెదికేటప్పుడు మాత్రం కీప్ అలైవ్‌ను పెంచడం. 600 సెకన్లు పెడితే 900 సెకన్లు, అంటే 15 నిమిషాల వ్యవధి దొరుకుతుంది. రెండవది, డీబగ్గరుకు వీలుంటే ఈల వేసే భాగాన్ని నడవనిచ్చి, మనకు కావలసిన భాగాన్నే ఆపడం. మూడవది, అసలు ఆపకుండా, అంకెలను తెరపై వ్రాయించి చదువుకోవడం.

కీప్ అలైవ్ 0 అని ఇస్తే ఈల నియమమే ఉండదు. కాని పని పూర్తికాగానే పాత విలువ తప్పక తిరిగి పెట్టండి. మరచిపోతే, పొలంలో పరికరం ఆగిపోయినా బ్రోకరుకు వెంటనే తెలియదు. పైరు ఎండుతుంటే, కబురు రాలేదు కాబట్టి అంతా బాగుందని మీరు అనుకొంటారు.

ఆలోచించండి: కీప్ అలైవ్ 40 సెకన్లయితే, ప్రోగ్రామును 50 సెకన్లు ఆపినప్పుడు సంబంధం తెగుతుందా? 70 సెకన్లు ఆపితే?