జలాశయమున మన్ను - పొలమున కొరత

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులకు తుంగభద్ర దిగువ కాలువ జీవనాధారము. 1953లో నీరు నిలిపిన ఆ జలాశయము సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. 2016లో కొలిచి చూడగా 105.788 టి.ఎం.సి.లే పట్టునని తేలినది. తక్కిన చోటును ఒండ్రు ఆక్రమించినది. అడవులు నరికిన కొండలనుండి, గట్లు లేని పొలములనుండి, గనుల త్రవ్వకములనుండి వానలకు కొట్టుకొనివచ్చిన మన్నే అది. కాలువ ముందుగా కర్ణాటక పొలములను తడిపి మనవైపు వచ్చును. నీరు తగ్గినచో చివరి ఆయకట్టునకే మొదటి దెబ్బ.

పైవారిని నిందించుట సులభము. మన ఊరి కుంటలో జరుగుచున్నదియు ఇదియే కదా! పూడిక తీయుటకు ముందు పైపొలములలో గట్లు వేయవలెను, వాలునకు అడ్డముగా దున్నవలెను. ఈ వరుస తప్పినచో కొలది వానలకే కుంట మరల మన్నుతో నిండును.

అయితే కుంటక్రింద సెంటు భూమియైన లేని పైరైతు తన ఖర్చుతో గట్టెందుకు వేయును? ఈ ప్రశ్నను దాటవేసిన పంచాయతీ పని సాగదు. పైపొలము ఎర్రనేలయైనచో, తీసిన ఒండ్రును ముందుగా అతనికే తోలింపవచ్చును. ఒండ్రు కలిసిన ఎర్రనేల తేమను ఎక్కువ దినములు నిలుపుకొనును. ఆ మన్ను అతని పొలమునుండి వచ్చినదే గదా. వేసవి పనులకు ముందే గ్రామసభలో ఈ ఒప్పందమును తేల్చుకొనవలెను.